కదలని పేజీలో మారిన అంకె

మేస్త్రీ మాడిన రాగి తీగను ప్లయరుతో పట్టి, మోటారు గాడిలోంచి ఒక్కో చుట్టు బయటికి లాగుతున్నాడు. లాగినకొద్దీ లోపల్లోపలే లెక్కపెడుతున్నాడు. ఆయన లెక్కలో ఉండగా ఎవరైనా పలకరిస్తే, ఎడమ బొటనవేలు గాడి మీద అదిమిపెట్టి, ముందు అంకె చెప్పి తర్వాతే జవాబిస్తాడు.

"నలభై ఒకటి. ఏంటి?"

"ఏం లేదు బావా. నువ్వలా మాట్లాడకుండా కూర్చుంటే నాకు భయమేస్తోంది" అన్నాడు బావమరిది. మోటారు తెచ్చింది అతనే. పదకొండేళ్లుగా ఊరికి నీళ్లిచ్చే పంపుహౌస్‌లో ఆపరేటరు.

మేస్త్రీ మిగతా చుట్లు కూడా లాగి, తీగను కాగితం మీద పరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మోటారు మాడటంలో రకాలున్నాయి. కరెంటు ఒక ఫేజు పోతే కొన్ని కాయిల్సే నల్లబడతాయి. తీగ పూత ఎక్కడైనా గీసుకుపోతే అక్కడ మాత్రమే కరిగి చిన్న ముద్ద కడుతుంది. ఇది ఆ రెండూ కాదు. చుట్టూ ఒకే నలుపు, అడుగున బరువు మోసే బేరింగు గాజులా నున్నగా అరిగిపోయింది. నీళ్లు లేకుండా గంటకు పైగా తిరిగిన మోటారు. పది రోజుల క్రితం ఒక హాస్టలు నుంచి వచ్చిన మోటారు కూడా అచ్చం ఇలాగే మాడింది. అప్పుడే ఆయనకు అనుమానం పుట్టింది. ఇప్పుడది ముదిరింది.

కారణం ఉంది. ఆ హాస్టల్లో, ఈ పంపుహౌస్‌లో మోటార్లను నడిపేది ఒకే ప్రోగ్రాం. ఎవరి సొత్తూ కాని ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. నాలుగు మూలల నుంచి జనం కలిసి రాస్తారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నీళ్లు అయిపోతే మోటారు ఆపడం దాని మొదటి పని. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలను ఏడేళ్లుగా చూసుకుంటున్నది మేస్త్రీయే.

ఆయన చదువు పదో తరగతితో ఆగింది. వైండింగ్ మేనమామ దగ్గర చూసి నేర్చుకున్నాడు. ఒకసారి ఎవరో ఈ ప్రోగ్రాం మీద నడిచే కంట్రోల్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, పని చేయట్లేదన్నారు. పేజీల్లో రాసినట్టు చేస్తే ఇంకా పాడైంది. ఆయన కూర్చుని, ఏ వాక్యం ఎక్కడ తప్పో రాసి, ప్రాజెక్టు వాళ్లకు పంపాడు. అలా పంపుతూనే పోయాడు. ఒకరోజు వాళ్లే, నువ్వే చూసుకో అని అన్ని పేజీల తాళాలూ ఆయన చేతిలో పెట్టారు.

పేజీలు రెండు సెట్లు. కొత్త పెట్టెలు మూడో వెర్షన్ మీద నడుస్తాయి. చిన్న ఊళ్లలో పాత పెట్టెలింకా చాలా ఉన్నాయి. వాటికి రెండో వెర్షన్ తప్ప మరోటి ఎక్కదు. అందుకని రెండో వెర్షన్ పేజీలను పద్నాలుగు నెలల క్రితం మేస్త్రీ గడ్డకట్టించేశాడు. అంటే ఇక ఎవరూ వాటిలో అక్షరం ముట్టుకోకూడదు. పాత పెట్టె మారదు కాబట్టి పాత పేజీ కూడా మారకూడదని ఆయన లెక్క.

"నీళ్లు లేనప్పుడు ఎంతసేపాగి మోటారు ఆపాలి అని ఒక గడి ఉంటుంది. అందులో ఎంత కొట్టావ్?" అన్నాడు మేస్త్రీ.

"తొంభై."

"ఎంతా?"

"తొంభై బావా. పోయిన నెల పెట్టెలో బ్యాటరీ మార్చాం. సెట్టింగులన్నీ పోయాయి. నీ పేజీ చూసుకుంటూ ఒక్కోటీ మళ్లీ ఎక్కించాను."

"అది నిమిషాల లెక్కరా. తొంభై అంటే గంటన్నర. అక్కడ రెండు అని ఉంటుంది."

"నీ పేజీలో తొంభై అనే ఉంది."

మేస్త్రీ లేచి చేతులు తుడుచుకుని, మూలనున్న కంప్యూటరు తెరిచాడు. రెండో వెర్షన్, సెట్టింగుల పట్టిక, ఏడో వరస. వేలు పెట్టి చూపించాడు. అక్కడ రెండు ఉంది.

బావమరిది వంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "మరి నేను చూసినప్పుడు..."

"నువ్వు చూసినప్పుడు నీ బుర్ర ఎక్కడుందో."

"నిజం బావా. ఒట్టు."

"నీ ఒట్లు నాకు కొత్తా? మా పెళ్లిలో కెమెరా రీలు ఎక్కించానని వేసిన ఒట్టు ఒక్కటి చాలు. ఇవాళ్టికీ ఫొటోల్లేవు."

బావమరిది దానికి నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడు నవ్వకపోవడం మేస్త్రీకి నచ్చలేదు. అదీ ఒక అనుమానమే.

"ఇంజనీరు శుక్రవారం దాకా టైమిచ్చాడు. కారణం కాగితం మీద రాసిమ్మన్నాడు. లేకపోతే పంపుహౌస్ తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపొమ్మన్నాడు" అని, బావమరిది స్టూలు మీంచి లేచి, వెళ్లిపోయాడు.

షాపు వెనక తలుపు తీస్తే ఇల్లే. ముందుగదిలో మేస్త్రీ భార్య కుట్టుమిషను మీద ఉంది. మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయి.

"మీవాడు అబద్ధమాడుతున్నాడు" అన్నాడు మేస్త్రీ గుమ్మంలో నిలబడి.

ఆమె దారం కొరికి తెంపింది. "ఆడతాడు. చిన్నప్పటి నుంచీ ఆడతాడు. కానీ వాడి అబద్ధాలన్నీ 'నేను కాదు, నాకు తెలీదు' అన్న రకం. తొంభై అని అంకె చెప్పి ఆడేంత తెలివి వాడికి లేదు."

"తమ్ముణ్ణి పొగుడుతున్నావా, తిడుతున్నావా?"

"రెండూ. మీరు చూసింది మీ కంప్యూటర్లో. వాడు చూసింది వాడి ఫోన్లో. వాడి ఫోన్లో చూశారా?"

మేస్త్రీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే బావమరిదిని పిలిపించి, ఫోను బయటికి తీయించాడు. బావమరిది వెబ్‌సైటు తెరిచాడు. మేస్త్రీ ముందు పేజీ తలమీద చూశాడు. రెండో వెర్షన్. పేజీ పేరు అదే. కిందికి జరిపాడు. ఏడో వరసలో తొంభై.

ఫోనును కంప్యూటరు పక్కన ఆనించి నిలబెట్టాడు. అదే పేజీ, అదే వెర్షన్. ఒకదాంట్లో రెండు, ఒకదాంట్లో తొంభై.

"చూశావా బావా" అన్నాడు బావమరిది.

"ఆగు. ఇంకా నిన్ను నమ్మలేదు. నమ్మే పనిలో ఉన్నా."

ఈ పనిలో ఒక సుఖం ఉంది. ఏ పేజీలో ఏ అక్షరం ఎవరు ఎప్పుడు మార్చారో మొత్తం చిట్టా ఉంటుంది. దాన్నెవరూ చెరపలేరు. బావమరిది డ్యూటీకి వెళ్లాక మేస్త్రీ రెండో వెర్షన్ సెట్టింగుల పేజీ చిట్టా తీశాడు. ఆఖరి మార్పు పద్నాలుగు నెలల క్రితం, గడ్డకట్టించిన రోజున, ఆయన పేరు మీదే ఉంది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోని పేజీలో అంకె మారింది.

ఎవరో దొడ్డిదారిన వచ్చారనుకున్నాడు. వెబ్‌సైటు నడిచే కంప్యూటరు తాళమే ఎవరికో దొరికిందనుకున్నాడు. అనుకోగానే ఒక పేరు ఎదురుగా వచ్చి నిలబడింది. ఎర్రపెన్ను.

ఎర్రపెన్ను నాలుగు నెలల క్రితం ప్రాజెక్టులోకి వచ్చిన మనిషి. ఆడమనిషి అని మాత్రం తెలుసు, ముఖం ఎవరూ చూడలేదు. వచ్చినప్పటి నుంచి పేజీల్లో తప్పులు పట్టి దిద్దుతోంది. ప్రతి దిద్దుబాటు కింద ఒక నమస్కారం, ఒక ధన్యవాదం. మేస్త్రీకి మర్యాద ఎక్కువైన వాళ్లను చూస్తే మొదటి నుంచీ గుబులే. తీగ అమ్మేవాడు టీ ఇప్పించిన రోజున రీలు బరువు తప్పకుండా తగ్గుతుంది. ఇంత ఓపిగ్గా, ఊరికే, ఎవరి కోసం చేస్తోంది ఈవిడ? తను కూడా ఏడేళ్లుగా ఊరికే చేస్తున్నాడన్న సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు.

ఆమెకు మెసేజీ పెట్టాడు. "రెండో వెర్షన్ పేజీలో తొంభై ఎలా వచ్చింది? అది మీ పనేనా? సూటిగా చెప్పండి."

జవాబు పావుగంటలో వచ్చింది.

"నమస్కారం మేస్త్రీ గారూ. తొంభై రాసింది నేనే. కానీ రెండో వెర్షన్ పేజీ నేను ముట్టుకోలేదు. మూడో వెర్షన్‌లో ఆ గడి లెక్క ఆరు వారాల క్రితం నిమిషాల నుంచి సెకన్లకు మారింది కదా. తొంభై సెకన్లు అని మూడో వెర్షన్ పేజీలో వివరం రాసి, పట్టికలో అంకె దిద్దాను. పట్టిక ఉమ్మడి ముక్కలో ఉంది. మీరే చూసి సరేనని టిక్కు పెట్టారు. ధన్యవాదాలు."

మేస్త్రీ ఆ జవాబు రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోయి ఉమ్మడి ముక్క అన్నచోట ఆగిపోయాడు.

తలకొట్టేసినట్టయింది.

ఉమ్మడి ముక్క ఆయన సొంత తెలివి. మూడో వెర్షన్ కొత్తగా వచ్చినప్పుడు సెట్టింగుల పట్టిక రెండు వెర్షన్లకూ ఒకటే. ఒకే పట్టికను రెండుచోట్ల రాయడమెందుకని, దాన్ని విడిగా ఒక ముక్కగా తీసిపెట్టి, రెండు పేజీల్లోనూ 'ఇక్కడ ఆ ముక్క పెట్టు' అని ఒక్క గీత రాశాడు. వెబ్‌సైటు ప్రతి ఆదివారం తనంతట తనే అన్ని పేజీలనూ మళ్లీ కడుతుంది, మేస్త్రీ చెబితే మధ్యలోనూ కడుతుంది. కట్టేటప్పుడు ఆ గీత ఉన్నచోట, ముక్క ఆ రోజుకి ఎలా ఉంటే అలా తెచ్చి పెడుతుంది. ఆయన గడ్డకట్టించింది పేజీని. ముక్కను కాదు. ఎర్రపెన్ను మూడో వెర్షన్ కోసం సరిగ్గానే దిద్దింది. ఆ ఆదివారమే తొంభై పాత పేజీలోకి కూడా జారుకుంది. పేజీ చిట్టాలో గీత గీతలాగే ఉంది, కాబట్టి అందులో ఏమీ కనపడదు.

మరి తన కంప్యూటర్లో రెండు ఎందుకుంది? పేజీలను గడ్డకట్టించిన రోజున ఒక కాపీ దింపుకుని దాచుకున్నాడు. వెబ్‌సైటును నమ్మడమేమిటని ఎప్పుడూ ఆ కాపీనే చూసుకుంటాడు. లోకమంతా చదువుతున్న పేజీని పద్నాలుగు నెలలుగా ఆయన తెరిచి చూడలేదు.

ఇంకొకటి కూడా కనపడింది. పట్టికలో వట్టి అంకె ఉంది. నిమిషాలో సెకన్లో రాయలేదు. పెట్టె మీద కూడా వట్టి గడే ఉంటుంది కదా అని తనే కొట్టేశాడు, పట్టిక సన్నగా, అందంగా కనపడుతుందని.

భార్య టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "దొంగ దొరికాడా?"

"దొరికాడు."

"ఎవరు?"

ఆయన టీ గ్లాసు అందుకుని మళ్లీ తెర వైపు తిరిగాడు. ఆమె ఆయన ముఖం చూసి, లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ మాత్రం, "వాడు నిన్న మధ్యాహ్నం నుంచి అన్నం తినలేదట. మరదలు ఫోన్ చేసింది" అంది.

ఉమ్మడి ముక్కలో తొంభైని విడదీసి, పాత పేజీలో రెండు పెట్టడానికి పది నిమిషాలు పట్టదు. చప్పుడు కాకుండా చేసేస్తే రేపటికి ఫోన్లోనూ రెండే కనపడుతుంది. బావమరిది ఎంత మొత్తుకున్నా వినేవాళ్లుండరు. ఎర్రపెన్ను ఒక్కతే అర్థం చేసుకోగలదు, ఆమెకు మోటారు మాడిన సంగతి తెలియదు. మేస్త్రీ ఈ ఆలోచనను అటూ ఇటూ తిప్పి చూశాడు. కాలిపోయిన కాయిల్ మీద కొత్త వార్నిష్ పూసి ఇచ్చే మేస్త్రీలను ఆయన ఎరుగును. వాళ్ల షాపుల మీదుగా వెళ్లాల్సివస్తే తల తిప్పుకుని వెళ్లేవాడు.

ఆ ఆలోచనలో ఉండగానే ఇంజనీరు ఫోన్ చేశాడు. పంపుహౌస్ ఆయన కిందే ఉంటుంది.

"మోటారు ఎప్పటికిస్తావ్?"

"శుక్రవారం పొద్దున."

"మీ బావమరిది, పేజీలో తప్పుందంటున్నాడు. ఆ పేజీలు రాసేది నువ్వేనట కదా. మోటారు చుట్టేదీ నువ్వే. బాగా కలిసొచ్చిందయ్యా నీకు."

జీవితమంతా ఇతరులను అనుమానించిన మనిషి, తన మీదికి అనుమానం రావడం ఎలా ఉంటుందో అప్పుడు తెలుసుకున్నాడు. ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత, ఇంజనీరు స్థానంలో తనుంటే సరిగ్గా ఇదే మాట అనేవాడినని తోచింది.

"శుక్రవారం మోటారుతో పాటు కాగితం కూడా తెస్తానండీ. రెండూ చూశాక ఏమనాలో అనండి" అన్నాడు.

ఆ రెండున్నర రోజులూ పని రెండు బల్లల మీద సాగింది. ఒక బల్ల మీద మోటారు. గాడులు శుభ్రంగా గీకి, కొత్త కాగితం పరిచి, లెక్క తప్పకుండా తీగ చుట్టి, చెక్క పుల్లతో అదిమి, కాయిల్స్ కట్టాడు. వార్నిష్ పోసి ఆరబెట్టిన మధ్య వేళల్లో రెండో బల్ల మీద పేజీలు. ముందు రెండో వెర్షన్ పేజీలన్నీ వెతికి, ఉమ్మడి ముక్క గీత ఉన్న ప్రతిచోటా గీత తీసేసి, ఆ వెర్షన్‌కు చెందిన పట్టికను అక్కడే నేరుగా రాశాడు. అలాంటివి ఇరవై మూడు చోట్ల దొరికాయి. వాటిలో మరో రెండు అంకెలు కూడా జారిపోయి ఉన్నాయి. అవి ఇంకా ఎవరి మోటారూ తినలేదు. ప్రతి అంకె పక్కన నిమిషాలు, సెకన్లు, మీటర్లు అని రాశాడు. పట్టిక లావైంది. కానీలే అని వదిలేశాడు. ప్రతి పేజీ తలమీద పసుపు పట్టీ పెట్టాడు: 'ఇది రెండో వెర్షన్ పేజీ. మీ పెట్టె తలుపు లోపల ఏ వెర్షన్ రాసుందో చూసుకున్నాకే చదవండి.'

ఎర్రపెన్నుకు మళ్లీ మెసేజీ పెట్టాడు. "మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాది. నా మార్పులు నేనే చూసుకుంటే నాకు నా కాపీయే కనపడుతుంది. మీరు వెబ్‌సైటులో ఒక్కో పేజీ తెరిచి చూడగలరా?"

ఆమె ఇరవై మూడూ చూసింది. పద్దెనిమిదో దాంట్లో మీటర్లకు బదులు నిమిషాలని పడిందని పట్టుకుంది. కింద నమస్కారం, ధన్యవాదం. ఈసారి మేస్త్రీ కూడా నమస్కారం పెట్టాడు. ఏడేళ్లలో ప్రాజెక్టులో ఆయన పెట్టిన మొదటి నమస్కారం అదే.

ఆఖర్న, అందరికీ కనపడేచోట ఒక నోటీసు రాశాడు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రెండో వెర్షన్ పేజీలో తప్పు అంకె ఉందో, ఎందుకుందో, దానివల్ల తన ఎరుకలో రెండు మోటార్లు ఎలా మాడాయో. 'ఉమ్మడి ముక్క పెట్టింది నేను. దిద్దుబాటుకు సరేనన్నది నేను. పాత పేజీ మారదని చూడకుండా నమ్మింది నేను. ఆ ఆరు వారాల్లో ఎవరైనా రెండో వెర్షన్ పెట్టెలో ఆ గడిలో తొంభై కొట్టి ఉంటే వెంటనే రెండు చేయండి.' గంట లోపల ఎక్కడి నుంచో ఒకాయన రాశాడు, పోయిన వారమే తొంభై కొట్టానని, ఇప్పుడే మార్చానని. మేస్త్రీ హాస్టలుకు తనే ఫోన్ చేసి, లైన్లోనే ఉండి, అక్కడి పాత పెట్టెలో ఉన్న తొంభైని కూడా మార్పించాడు.

నోటీసు ఒక కాపీ అచ్చుతీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున మోటారును బండి మీద పంపుహౌస్‌కు తీసుకెళ్లారు. గదిలో తడి సిమెంటు వాసన, ఒక గోడకు పాత కంట్రోల్ పెట్టె, దాని కింద బావమరిది కుర్చీ. కుర్చీలో ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. తాళాల గుత్తి బల్ల మీద ఆయన ముందు ఉంది.

మేస్త్రీ కాగితం తీసిచ్చాడు. ఇంజనీరు నిదానంగా, వేలు పెట్టి చదివాడు. సగంలో తలెత్తి మేస్త్రీని చూసి, మళ్లీ చదివాడు.

"ఇది అందరికీ కనపడేలా పెట్టావా?"

"పెట్టానండీ. మీ ఫోన్లో చూడండి. నా దాంట్లో వద్దు."

ఇంజనీరు తన ఫోన్లో వెతికి చూసుకున్నాడు. "నీ పేరు పోదా దీనివల్ల?"

"పోతే నాది పోతుంది. వాడిది పోకూడదు."

బావమరిది కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "బావా, మరి ఆ కెమెరా రీలు సంగతి కూడా..."

"అది నీ తప్పే. నోర్మూసుకుని పేజీ తెరువు."

మోటారు దించి, తీగలు కలిపారు. బావమరిది పేజీ తెరిచి, పసుపు పట్టీ పైకి చదివి, పెట్టె తలుపు తీసి లోపలి అంకె చూసుకుని, ఏడో వరసకు వచ్చాడు. రెండు, నిమిషాలు. గడిలో రెండు కొట్టాడు. మేస్త్రీ అంతటితో వదల్లేదు. మోటారు నడుస్తుండగా, నీటిమట్టం చూసే ప్రోబును తాడుతో పైకి లాగించాడు. మోటారు నీళ్లలోనే ఉంది, పెట్టె మాత్రం నీళ్లయిపోయాయని అనుకుంటుంది. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. ముగ్గురూ దాని ముల్లుకేసి చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం. ఒకటిన్నర. బావమరిది పెదవులు కదులుతున్నాయి. రెండో నిమిషం నిండగానే పెట్టెలో టక్కుమని చప్పుడైంది. మోటారు ఆగింది.

"ఇంకోసారి" అన్నాడు మేస్త్రీ.

ఇంకోసారి కూడా రెండు నిమిషాలకే ఆగింది.

ప్రోబు నీళ్లలోకి దించి మోటారు వేశారు. పైపులో నీళ్లు ఎక్కే చప్పుడు వినపడింది. మేస్త్రీ రసీదు పుస్తకం ముందుకు జరిపాడు. ఇంజనీరు మోటారు అందినట్టు సంతకం చేసి, మేస్త్రీ ఇచ్చిన కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, తాళాల గుత్తి తీసి బావమరిది చేతికిచ్చాడు.